జడకీ తాడుకీ మధ్య చాకు

"అమ్మా, నాకో కత్తి కావాలి."

సెలవులకి ఇంటికొచ్చిన కూతురు కాళ్ళు కూడా కడుక్కోకుండా అడిగిన మొదటి మాట ఇది. చీర అడుగుతుందనుకున్నా, చెప్పులు అడుగుతుందనుకున్నా. కత్తి అడుగుతుందని ఏ తల్లయినా అనుకుంటుందా?

"ఎందుకే? వంట నేర్చుకుంటున్నావా?" అన్నాను నవ్వుతూ.

"వంటకి కాదమ్మా, కొండలెక్కడానికి. అదీ మామూలు కత్తి కాదు, బరువే ఉండకూడదు. టైటానియందో, సిరామిక్‌దో కావాలి."

మాది మార్కాపురం. అత్తవారిది గిద్దలూరు. మా అమ్మాయి బయట ఊళ్ళో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఎన్.సి.సి.లో చేరినప్పటి నుంచీ దానికి రాళ్ళ పిచ్చి పట్టుకుంది. తాడు కట్టుకుని నిట్టనిలువు బండలు ఎక్కడం, తాడు మీద జారుతూ దిగడం. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిందనీ, ఆ అమ్మాయి మొదటి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీదేననీ దాని నోట వెయ్యిసార్లు విన్నాను. వద్దనడానికి నాకు మనసొప్పలేదు, సరే అనడానికి ధైర్యం చాలలేదు. అలా నడుస్తోంది మా ఇంట్లో.

అయితే కత్తి సంగతి మాత్రం కొత్త. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది అసలు విషయం.

ఆ రోజు ఏం జరిగిందంటే...

పదిహేను రోజుల కిందట ఒక శిక్షణ శిబిరంలో దిగడం నేర్పిస్తున్నారట. తాడుని ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ఒక అల్యూమినియం కడియంలోంచి తిప్పి నడుము పట్టీకి తగిలిస్తారు. దాన్ని డిసెండర్ అంటారు. తాడు అందులో రాసుకుంటూ వెళుతుంది కాబట్టి మనిషి దబ్బున పడకుండా నెమ్మదిగా కిందికి జారుతుంది.

మా అమ్మాయిది నడుము దాటే జడ. మా అత్తగారు చిన్నప్పటినుంచీ కుంకుడుకాయతో తలంటి పెంచిన జుట్టు. హెల్మెట్ పెట్టుకుంది గానీ జడని లోపలికి దోపలేదు. సగం దారిలో తల వంచి కిందికి చూసింది. జడ కొస వెళ్ళి తాడుతో పాటు ఆ కడియంలో దూరిపోయింది!

ఇక చూడండి. కిందికి దిగితే జుట్టు ఇంకా లోపలికి లాక్కుపోతుంది. పైకి వెళ్ళడానికి పట్టు లేదు. తల తాడుకి అతుక్కుపోయింది. కళ్ళలో నీళ్ళు. కాళ్ళ కింద నాలుగంతస్తుల లోతు.

పక్క తాడు మీద దిగుతున్న కుర్రాడు మంచి మనసుతోనే జేబులోంచి మడత చాకు తీసి "ఇదిగో, జడ కోసేసుకో!" అని అందించాడట. ఇది చెయ్యి చాపింది. అంతలో పైనుంచి శిక్షకుడు గట్టిగా అరిచాడు: "కత్తి ముట్టుకోవద్దు! రెండో చెయ్యి తాడు వదలొద్దు!"

దానికి రెండో తాడు ఒకటి కాపలాగా కట్టి ఉంది. ఆయన దాన్ని బిగించి పిల్లని జానెడు పైకి లాగాడు. బరువు ఈ తాడు మీంచి ఆ తాడు మీదికి మారింది. కడియం వదులైంది. జుట్టు బయటికొచ్చింది. గుప్పెడు వెంట్రుకలు పోయాయి. పిల్ల దక్కింది.

"అందుకే నాకంటూ సొంత కత్తి ఉండాలమ్మా" అంది మా అమ్మాయి.

నాకు మాత్రం ఆయన అరిచిన మాటే చెవిలో గింగురుమంటోంది. జుట్టు చిక్కుకుంటే కత్తి వద్దని ఎందుకన్నాడు?

ఉక్కుకి పోటీ ఎవరు?

నేను హైస్కూల్లో భౌతిక శాస్త్రం చెప్తాను. పిల్లలకి లెక్క చేసి చూపిస్తే గానీ నమ్మరు. కూతురు కూడా అంతే. కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాం.

ఎనిమిది సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న బ్లేడు ఒకటి అనుకుందాం. ఉక్కుతో చేస్తే దాదాపు 25 గ్రాములు తూగుతుంది. చాకుల్లో వాడే తెల్లటి జిర్కోనియా సిరామిక్‌తో చేస్తే 19 గ్రాములు. టైటానియంతో 14. మా మార్కాపురం పలక రాయితో చేస్తే 9. వెదురుతో అయితే రెండు గ్రాములే!

"చూశావా! టైటానియం అయితే పదకొండు గ్రాములు తగ్గుతుంది" అంది అమ్మాయి ఉత్సాహంగా.

"మరి నువ్వు మోసే తాడు ఎంత?"

అరవై మీటర్ల తాడు. మీటరుకి ఇంచుమించు 65 గ్రాములు. అంటే నాలుగు కిలోలకి కాస్త తక్కువ. పదకొండు గ్రాములంటే ఆ తాడులో జానెడు ముక్క కూడా కాదు. ఒక గుక్క నీళ్ళు ఎక్కువ తాగి బయల్దేరితే ఆ లాభం అక్కడికక్కడే సరి!

సరే, బరువు సంగతి పక్కన పెడదాం. కోయడం సంగతేమిటి?

టైటానియం మా ఇంటికి కొత్తేం కాదు. మా మామగారు జారిపడితే తొడ ఎముకలో వేసిన రాడ్డు దాంతో చేసిందే. తుప్పు పట్టదు, ఒంట్లో ఉన్నా కీడు చెయ్యదు, తేలిక, గట్టి. కానీ గట్టిదనం వేరు, పదును నిలవడం వేరు. గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్కలో టైటానియం మిశ్రమం 36 దగ్గర ఉంటే, మంచి చాకు ఉక్కు 56 నుంచి 60 దాకా ఉంటుంది. అందుకే టైటానియం కత్తికి అంచు తొందరగా మొద్దుబారుతుంది. ఉప్పునీళ్ళలో మునిగేవాళ్ళకీ, అయస్కాంతం అంటకూడని పనులు చేసేవాళ్ళకీ అది వరమే. తాడు కోయాల్సిన వాళ్ళకి కాదు.

సిరామిక్ దానికి పూర్తిగా తలకిందులు. జపాన్ వాళ్ళు 1980ల్లో వంటింటి కత్తులుగా అమ్మకానికి తెచ్చారు. ఉక్కుకంటే గట్టి, తుప్పు అసలే ఉండదు, నెలల తరబడి పదును పోదు. పోయిందా, మామూలు సానరాయికి లొంగదు, వజ్రపు పొడి అద్దిన సాన కావాలి. అసలు చిక్కు అది కూడా కాదు. మెలితిప్పినా, రాయి మీద పడినా పుటుక్కున విరుగుతుంది. బండల మధ్య తిరిగేవాళ్ళకి రాయి మీద పడని వస్తువు ఏముంటుంది చెప్పండి?

పలక రాయి కత్తి అన్నానని నవ్వుకోకండి. మంచుదేశాల్లో ఇన్యూట్ ఆడవాళ్ళు వాడే అర్ధచంద్రాకారపు కత్తిని 'ఉలు' అంటారు. ఆ మాటకి అర్థమే 'ఆడవాళ్ళ కత్తి'. ఇనుము దొరకని కాలంలో దాని బ్లేడు పలక రాయిని అరగదీసి చేసుకునేవారు. చేపలు కోయడం, తోళ్ళు గీయడం అన్నీ దాంతోనే. మా వీధిలో పలకల ఫ్యాక్టరీకి పనికెళ్ళే అక్కకి ఈ సంగతి చెబితే "ఔనా! మన రాయితో చేపలు కోస్తారా!" అని ముక్కున వేలేసుకుంది. మర్నాడే ఒక ముక్క అంచు నూరి తెచ్చిచ్చింది.

పెరట్లో పరీక్ష

లెక్కలతో పని తేలదని పెరట్లో వేపకొమ్మకి నైలాన్ బట్టల తాడు కట్టాం. ముందు దాన్ని వదులుగా ఉంచి కూరగాయల చాకుతో కోశాను. తాడు ముడుచుకుంటుంది, పక్కకి జరుగుతుంది, రంపంలా పదిసార్లు లాగితే గానీ తెగలేదు.

తర్వాత అదే తాడుకి పదిహేను లీటర్ల నీళ్ళ బకెట్టు వేలాడదీశాం. అదే చాకు. నొక్కలేదు కూడా, అలా ఆనించి ఒక్కసారి లాగానంతే. టప్‌మని తెగి బకెట్టు నేల మీద పడింది. ఇద్దరం నిలువునా తడిసిపోయాం.

మా అమ్మాయి నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ బకెట్టు బరువు పదిహేను కిలోలే. అది యాభై రెండు కిలోలు.

కారణం చిన్నదే. బరువు పడ్డ తాడులో ప్రతి పోగూ అప్పటికే సాగి ఉంటుంది. ఒక పోగు తెగితే రెండు కొసలూ పక్కకి లాక్కుపోతాయి, దాని బరువు మిగతా పోగుల మీద పడుతుంది, అవీ తెగడానికి సిద్ధమవుతాయి. కత్తి చెయ్యాల్సిన పని సగం బరువే చేసేస్తుంది. కొండలెక్కేవాళ్ళ తాడు బట్టల తాడుకంటే ఎన్నో రెట్లు బలమైనదే. లోపల పోగుల గుత్తి, పైన అల్లిన తొడుగు. అయినా బిగిసి ఉన్నప్పుడు పదునైన అంచుకి దానిదీ ఇదే స్వభావం.

1985లో పెరూ దేశంలోని సియులా గ్రాండే పర్వతం మీద జో సింప్సన్ అనే ఆయన కాలు విరిగి తాడు కొసన గాల్లో వేలాడుతుంటే, పైన పట్టుకున్న స్నేహితుడు సైమన్ యేట్స్ తనూ జారిపోతున్న క్షణంలో చిన్న చాకుతో ఆ తాడు కోసేశాడు. అదృష్టం, ఇద్దరూ బతికారు. అక్కడ కత్తి కావాలని తాడు కోసింది. మా అమ్మాయి దగ్గరైతే జడ కోయబోయి తాడు కోసేది. జడ చిక్కుకున్న చోటుకీ ప్రాణం వేలాడుతున్న తాడుకీ మధ్య మూడు వేళ్ళ దూరం కూడా లేదు!

పరీక్ష అక్కడితో ఆపలేదు. మా తోడికోడలు హైదరాబాదు నుంచి తెచ్చిన తెల్ల సిరామిక్ చాకు తాడుని వెన్నలా కోసింది. కోసి, నా తడి చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. కొస విరిగింది. (తోడికోడలికి ఇంకా చెప్పలేదు, ఇది చదివి తెలుసుకుంటుంది కాబోలు!) పలక రాయి తాడుని నూగుగా చేసింది గానీ తెంపలేదు. వెదురు బద్దా అంతే, నాలుగు పోగులు లేపి ఊరుకుంది.

అన్నిటికంటే ఆశ్చర్యం చివర్లో జరిగింది. సన్నటి నైలాన్ దారం ఒకటి తీసుకుని, వదులుగా ఉన్న తాడు చుట్టూ వేసి, రెండు కొసలూ పట్టుకుని ఒకేచోట చకచకా ముందుకీ వెనక్కీ లాగింది అమ్మాయి. కాసేపటికి కమురు వాసన. తాడు కరిగి తెగిపోయింది! తాళ్ళకి వాడే నైలాన్ 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఒకేచోట రాపిడికి ఆ వేడి పుడుతుంది. అంటే బ్లేడే లేకుండా తాడు కోయవచ్చన్నమాట. తాడు మీద తాడు రాసుకోనివ్వద్దని శిక్షకులు నెత్తీ నోరూ బాదుకునేది ఇందుకే.

అవ్వ చెప్పిన మాట

ఆ వారంలోనే శ్రీశైలం దారిలో దోర్నాల వెళ్ళాల్సిన పని పడింది. అక్కడ మా బంధువుల ఇంటికి తేనె తెచ్చే చెంచు అవ్వ ఒకామె ఉంది. వాళ్ళాయన బతికున్నన్నాళ్ళూ నల్లమలలో కొండచరియలకి తాడు మీద దిగి పెద్ద పట్లు తీసినవాడు. శిక్షణ లేదు, హెల్మెట్ లేదు. తీగతో, నారతో పేనిన తాడు, పొగ, చీకటి. అంతే.

"అవ్వా, తాత దిగేటప్పుడు ఏ కత్తి తీసుకుపోయేవాడు?" అనడిగాను.

అవ్వ నవ్వింది. "కత్తేందమ్మా? ఇనప కత్తి నడవను, తీగ తెంపను. తాడు మీద ఏలాడేటప్పుడు ఇనుము చేతికి ఇచ్చేదే లేదు మా ఇంట్లో. ఎదురు బద్దే."

"వెదురు కోస్తుందా?"

"తేనె పట్టు మెత్తగుంటాది. దానికి ఇనుమెందుకు? చీకట్లో చెయ్యి తప్పితే బద్ద పట్టునే కోస్తాది. ఇనుమైతే తాడుని కోస్తాది."

నేను రెండు రోజులు పెరట్లో బకెట్లు పగలగొట్టుకుని తెలుసుకున్నది అవ్వ ఒక్క ముక్కలో తేల్చేసింది! పెరట్లో వెదురు తాడు కోయలేదని నేను దానికి సున్నా మార్కులు వేశాను. ఆ కోయలేకపోవడమే దాని గొప్ప అని నాకప్పుడు తట్టలేదు. అదీగాక వెదురుని మొద్దు అనుకోకూడదు. పైపొరలో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, చీల్చిన అంచు చర్మాన్ని కోసేస్తుంది. మా నాయనమ్మ కాలంలో మంత్రసానులు బొడ్డుతాడు వెదురు బద్దతో కోసేవారట. (శుభ్రం లేని బద్దల వల్ల ధనుర్వాతంతో పోయిన పసివాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు కొత్త బ్లేడే, ఆసుపత్రిలోనే. అందులో రెండో మాట లేదు.)

"మరి మధ్యలో చిక్కుకుంటే ఏం చేసేవాడు అవ్వా?"

"పైన తాడు పట్టింది ఎవురనుకున్నావు? నా తమ్ముడు. అక్క తాళి వాని చేతిలో ఉంటాదిగా, వాడు ఇడుస్తాడా?"

చెంచుల్లో తేనె తీసేటప్పుడు బావ దిగితే తాడు పట్టేది బావమరిది అని వినడమే గానీ, ఆ తాడు ఇవతల నిలబడిన ఆడమనిషి నోటి నుంచి వినడం అదే మొదలు. కత్తి మీద కాదు వాళ్ళ భరోసా, తాడు పట్టిన మనిషి మీద. మా అమ్మాయిని కాపాడింది కూడా అదే కదా. పైన ఒకాయన, చేతిలో రెండో తాడు.

మరి ఏం కొన్నాం?

కత్తి అసలొద్దని నేననను. చిక్కుపడ్డ పాత తాడు ముక్క తీసెయ్యాలన్నా, గాయానికి గుడ్డ చింపాలన్నా అది ఉండాల్సిందే. 2003లో అమెరికాలో ఆరన్ రాల్‌స్టన్ అనే యువకుడి చెయ్యి బండ కింద ఇరుక్కుంటే, ఐదు రోజుల తర్వాత మొద్దుబారిన చిన్న చాకుతో తన చేతిని తానే కోసుకుని బయటపడాల్సొచ్చింది. కత్తంటూ ఉంటే పదునుగా ఉండాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి శిక్షకుడిని అడిగి చిన్న ఉక్కు కత్తే కొన్నాం. బ్లేడు ఒక కొక్కెం గాడిలో దాగి ఉంటుంది. కోయాల్సిన దాన్ని ఆ గాడిలోకి ఎక్కిస్తేనే తెగుతుంది, పక్కన ఉన్న తాడుకి ఊరికే తగలదు. మొనలేదు. నడుము పట్టీకి దారంతో కట్టుకోవచ్చు. టైటానియం కంటే చాలా చవక.

దాంతోపాటు ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్న సన్నతాడు ఒకటి. దాంతో వేసే ముడిని ప్రుసిక్ ముడి అంటారు. కార్ల్ ప్రుసిక్ అనే ఆస్ట్రియా పర్వతారోహకుడు 1931లో దాన్ని అందరికీ తెలియజేశాడు. పెద్ద తాడు చుట్టూ తిప్పి వేస్తే, బరువు పడగానే బిగుసుకుంటుంది, బరువు తీస్తే జరుగుతుంది. జడ ఇరుక్కున్నప్పుడు ఆ ముడి వేసి, అందులో పాదం పెట్టి లేచి నిలబడితే కడియం మీద బరువు పోతుంది. జుట్టు తనంతట తనే వస్తుంది. కత్తితో పనే లేదు!

ఇప్పుడు రోజూ సాయంత్రం పెరట్లో వేపకొమ్మకి తాడు కట్టుకుని ఆ ముడే సాధన చేస్తోంది. నేల నుంచి రెండడుగుల ఎత్తులో. పక్కింటి అక్క "ఏందమ్మా, పిల్లని చెట్టుకి కట్టేస్తన్నావు!" అంటోంది. అననివ్వండి.

జుట్టు సంగతా? కత్తిరిస్తానంది. వాళ్ళ నాయనమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరికి రాజీ కుదిరింది. కొండ దగ్గర జడ కాదు, ముడి. అదీ హెల్మెట్ లోపల.

కొండలెక్కే అమ్మాయిలకి, వాళ్ళ అమ్మలకి

* జడ, చున్నీ, మెడలో గొలుసు, వదులు చొక్కా అంచు... డిసెండర్ దగ్గరికి పోగలిగేది ఏదీ బయట వేలాడకూడదు. బయల్దేరే ముందు ఒకరినొకరు చూసుకోండి.

* కాపలా తాడు లేకుండా నేర్చుకునేవాళ్ళని దించే చోటికి పిల్లల్ని పంపకండి. "రెండో తాడు కడతారా?" అని అమ్మలే ముందుగా అడగండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

* జుట్టు ఇరుక్కుంటే మొదట ఆగాలి, కిందిచేత్తో తాడు గట్టిగా పట్టుకునే ఉండాలి, పైవాళ్ళని కేకెయ్యాలి. బరువు వేరే తాడు మీదికి మారాకే జుట్టు తీసుకోవాలి.

* ఇక దారే లేక కత్తి తీయాల్సొస్తే, అంచు తాడు వైపు ఎప్పుడూ ఉండకూడదు. తాడు నుంచి బయటివైపుకే కోయాలి. బిగిసిన తాడుకి కత్తి ఆనితే చాలు.

* కత్తి కొనేటప్పుడు గ్రాములు లెక్కపెట్టకండి. మొన ఉందా, దాచుకునే ఏర్పాటు ఉందా, కట్టుకునే రంధ్రం ఉందా, ఒంటిచేత్తో తీయగలరా... ఇవి చూడండి.

* ప్రుసిక్ ముడి నేల మీదే, తెలిసినవాళ్ళ ఎదుటే నేర్చుకోండి. కొండ మీద మొదటిసారి ప్రయత్నించే ముడి కాదది.

వచ్చే నెలలో మళ్ళీ శిబిరమట. నా భయం పోయిందా అంటే, పోలేదు. బస్సెక్కించేటప్పుడు ఎప్పటిలాగే "జాగ్రత్తే" అంటాను. అయితే ఈసారి ఇంకో మాట కూడా అడుగుతాను: "పైన తాడు పట్టేది ఎవరే?"